మూఢంలో అచ్చయ్యే అత్త

మా మేనత్త సినిమా తెర ఎక్కింది బీడీల పుణ్యమా అని.

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో ఒక టాకీసుకు స్లైడ్లు రాసేవాణ్ని. ఇంటర్వెల్‌లో తెర మీద పడే ప్రకటనలన్నీ అప్పట్లో గాజు ముక్కల మీద చేత్తో రాసినవే. అరచేతిలో పట్టే గాజు మీద సన్న కుంచెతో బట్టల దుకాణం పేరో, పళ్ల డాక్టరు పేరో రాస్తే, అది తెర మీద ఇల్లంత అయి కూర్చునేది. ఇక్కడ చెయ్యి ఒక్క పిసరు వణికితే అక్కడ అక్షరం కాలు విరిగి కుంటుతున్నట్టు కనపడేది. ఇంత పనితనం చూపించినా మేనేజరుకు నా మీద గౌరవమేమీ ఉండేది కాదు. ఆయన బాధంతా బీడీలతోనే. "హాలులో పొగ త్రాగరాదు" అన్న స్లైడు వెయ్యగానే జనం ఆ వెలుతురులో అగ్గిపెట్టెలు వెతుక్కునేవాళ్లు.

"నీ స్లైడు సదివి ఒక్కడన్న బీడీ ఆర్పిండా? ఆర్పకపోంగ అంటువెడ్తాండ్రు. ఏమన్న జెయ్యి," అన్నాడు ఒకనాడు.

నాకు వెంటనే మా అత్త గుర్తొచ్చింది. అత్త అంటే మా నాయనకు అక్క. పెళ్లయిన కొద్ది కాలానికే పుట్టింటికి తిరిగొచ్చి, కొత్తవాడలో మా ఇంట్లోనే ఉండిపోయింది. నాయన జంపఖానాలు నేసేవాడు. అత్త పక్కన కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన చిన్న పుల్లను మేము కండె అంటాం. అత్త చేతిలో ఎప్పుడూ ఒక కండె ఉండేది. ఎవరినైనా తిట్టాల్సి వస్తే దాన్ని ఎత్తి చూపిస్తూ తిట్టేది. తిట్టాల్సిన పని రోజూ చాలానే ఉండేది. మా నాయన బీడీ తీశాడంటే చాలు, మగ్గం ఆగేదాకా వదిలేది కాదు.

స్లైడు మీద అత్త బొమ్మ వేశాను. కొప్పు, ముక్కుపుడక, ఎత్తిన చేతిలో కండె. నోటి పక్కన ఒక బుడగ, బుడగలో ఆమె మాట: "బీడీ ఆర్పుతవా, నన్నే రమ్మంటవా?"

ఆ రోజు ఫస్ట్ షోలో హాలంతా గొల్లుమంది. నేల క్లాసు నుంచి ఎవరో "ఆర్పిన అత్తా, నువ్వు రాకు!" అని అరిచారు. నిజంగానే చాలా బీడీలు ఆరిపోయాయి. తర్వాత అత్త చేత ఉమ్మేవాళ్లను తిట్టించాను, ఈలలు వేసేవాళ్లను తిట్టించాను, ముందు కుర్చీ మీద కాళ్లు పెట్టేవాళ్లను తిట్టించాను. అత్త తిట్లు చూడటానికి జనం ఇంటర్వెల్‌లో లేవడం మానేశారు. చాయ్ క్యాంటీన్ ఆయన నా మీద కత్తులు నూరాడు.

అత్తకు ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. వాడకట్టు ఆడవాళ్లు చెప్పేశారు. నాయనను వెంటబెట్టుకుని ఒకనాడు మ్యాట్నీకి వచ్చింది. తెర మీద తన బొమ్మ పడగానే, హాలు నవ్వుతుండగానే, లేచి నిలబడింది.

"ఎవడురా నన్ను జూసి నవ్వేది? ముందుగాల్ల ఆ బీడీ ఆర్పుండ్రి!"

చప్పట్లే చప్పట్లు. మేనేజరైతే ఆమెను రోజూ పంపమని బతిమాలాడు. ఆ పూట ఇంటికి వెళ్లేటప్పుడు నేను వాళ్లకు పది అడుగులు వెనకే నడిచాను. అత్త మాత్రం చేతిలో కండె తిప్పుకుంటూ నడిచింది. ఇల్లు వచ్చాక గుమ్మంలో ఆగి, "ముక్కు జర వంకర వెట్టినవ్ అల్లుడా," అంది. అంతే. నాకు అంతకన్నా పెద్ద బిరుదు తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

అత్తను పుస్తకం చేద్దామన్నది చౌరస్తాలో పెళ్లికార్డులు అచ్చేసే ప్రెస్సాయన. ఆయన నాకు అన్నలాంటివాడు, కాని ఆయన దయ పంచాంగం మీద ఆధారపడి ఉండేది.

"ముహూర్తాలున్నన్ని దినాలు నాకు బువ్వ తినే తీరిక దొరకది తమ్మీ. మూఢమొస్తే ఈగలు తోలుకుంట కూసుంట. గప్పుడచ్చేద్దాం మీ అత్తను," అన్నాడు.

అలా మా పుస్తకం పంచాంగాన్ని తలకిందులుగా పట్టుకుని నడిచింది. శుక్రమూఢం, గురుమూఢం, ఆషాఢం, పుష్యం. ఊరందరికీ మంచిరోజులు లేనప్పుడల్లా మాకు మంచిరోజులే. ఆడపిల్లల తండ్రులు మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, నేను పంతులు దగ్గరికి పోయి "మళ్లీ మూఢం ఎప్పుడొస్తది?" అని అడిగేవాణ్ని. ఆయన నా వంక అదోలా చూసేవాడు.

బొమ్మలను లినోలియం ముక్కల మీద నేనే చెక్కేవాణ్ని. విరిగిన గొడుగు పుల్లను సానబట్టి ఉలి చేసుకున్నాను. మాటల బుడగ ఉన్నచోట రంధ్రం చేస్తే, అందులో ప్రెస్సాయన సీసం అక్షరాలు పేర్చి బిగించేవాడు. కాగితం పెళ్లికార్డులకు కోయగా మిగిలిన ముక్కలు. అందుకని మా పుస్తకంలో ఒక పేజీ గులాబీ రంగులో, ఒక పేజీ పసుపు రంగులో ఉండేవి. ఒక్కోసారి అత్త చెంప మీద వినాయకుడి తొండం చివర కూడా కనపడేది. ఇంకో ఇబ్బంది, ఆ ప్రెస్సులో "శ్రీ"లు గంపెడు ఉన్నాయి కాని ప్రశ్నార్థకం ఒక్కటి కూడా లేదు. పెళ్లికార్డులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు కదా. దాంతో మా అత్త అడిగిన ప్రశ్నలన్నీ హుకుంలై అచ్చయ్యాయి. "తిన్నవా" అంటే తిన్నావని తేల్చి చెప్పినట్టే. చదివేవాళ్లకు అదే నచ్చింది.

పుస్తకానికి 'కండెల అత్త' అని పేరు పెట్టాం. ఆఖరి పేజీ అడుగున "సర్వహక్కులు చిత్రకారునివి" అని ప్రెస్సాయనే వేశాడు. పెద్ద పుస్తకాల్లో అలా ఉంటుందట. ఆ హక్కులంటే ఏమిటో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. వినడానికి బాగుందని ఉంచేశాం. బస్టాండులో, పాన్ డబ్బాల్లో పుస్తకం వేలాడేది. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీలు మిర్చి బస్తాల మీద కూర్చుని తుమ్ముకుంటూ చదివేవాళ్లు. ములుగు బస్సులో ఒక కండక్టరు దాన్ని చదువుతూ టికెట్లు కొట్టడం మరిచిపోయాడని ఎవరో చెబితే, నాకు ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో.

ఎనభైలు వచ్చాక ఒకనాడు బెజవాడ నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. రంగుల బొమ్మల పుస్తకాలు వేసే పెద్ద కంపెనీ మనిషి. మండుటెండలో కోటు వేసుకొచ్చాడు, పాపం. రైల్వేస్టేషన్లో మా పుస్తకం కొని, రైలు కూడా వదిలేసుకుని చదివాడట. మనిషి మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో నాకు కోపం తెప్పించేవాళ్లు చాలామంది ఉన్నారు కాని ఆయన కాదు.

"మీ పాత్ర మాకు చాలా నచ్చిందండీ. ఆ పాత్రను మా కంపెనీకి ఇచ్చెయ్యాలి," అన్నాడు.

లోపల రాట్నం ఆగింది. "అల్లుడా, ఇంట్ల ఉన్నయే నాలుగు గిన్నెలు. ఆయనకెందుకట?" అంది అత్త.

పాత్ర అంటే గిన్నె కాదని, కథలో మనిషని చెప్పడానికి ఆయన చాలా కష్టపడ్డాడు. తర్వాత సంగతంతా విప్పి చెప్పాడు. కండెల అత్త నెలనెలా రంగుల్లో వస్తుంది, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ప్రతి పుస్తకాల షాపులో ఉంటుంది. నాకు నెలజీతం, కూర్చుని బొమ్మలు వేసుకోవడానికి ఫ్యాను కింద బల్ల. బదులుగా అత్త మీద హక్కులన్నీ కంపెనీవి. నేను కాకపోతే ఇంకొకరు వేస్తారు. పుస్తకం మీద నా పేరు ఉండదు, వాళ్లు ఎవరి పేరూ వెయ్యరు. "భాష కూడా కొంచెం అందరికీ అర్థమయ్యేట్టు సర్దుకుందామండీ," అన్నాడు చివర్లో, తేలిగ్గా.

నాకు ఆశ పుట్టింది. దాచుకోవడం ఎందుకు? లినోలియం చెక్కీ చెక్కీ నా వేళ్లన్నీ గాట్లు. ఎంత చెక్కినా అత్త నల్లసిరాలోనే ఉండిపోయింది. ఆమె ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, నోట్లో వక్కాకు ఎరుపు, ఇవన్నీ రంగుల్లో చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. ఆ బల్ల, ఆ ఫ్యాను కళ్ల ముందు తిరిగాయి. సొంత పుస్తకమేమో మూఢాల మీద బతుకుతోంది. ఏ ఏడైనా మూఢంలో కూడా ప్రెస్సాయనకు గిరాకీ తగిలితే నేనేం కావాలి?

నాయనను అడిగాను. వద్దంటాడనుకున్నాను. ఆయన మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తకుండా, "ఒప్పుకో," అన్నాడు.

"అదేంది నాయినా? సొంతది గదా."

"సొంతమంటే సొంత నెత్తినొప్పి. నేను సూడలేదా? సొంత నూలు, సొంత నమూనా అని ఎగిరి, అమ్ముడుపోక, నేసిన జంపఖానాల మీదనే పండుకున్న. ఇప్పుడు సేటు నూలిస్తాండు, నమూనా ఇస్తాండు. నేసిస్తె కూలిస్తాండు. అమ్ముడుపోకుంటె ఫికర్ ఆయనది. నాకేం?"

ఆయన అన్నది తప్పని నేను అనను. కాని ఇదే మనిషి ఏ పెళ్లికి వెళ్లినా అక్షింతలు వెయ్యకముందే పరిచిన జంపఖానా మూల ఎత్తి, తిరగేసి చూసేవాడు. అంచు అల్లిక చూసి అది తను నేసిందో కాదో గుర్తుపట్టేవాడు. కొన్నిసార్లు దాని మీద కూర్చున్నవాళ్లను కూడా లేపేవాడు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది.

"మరి పెండ్లిళ్లల్ల తిరగేసి సూసుడెందుకు? కూలికి నేసినవ్, అయిపాయె గదా," అన్నాను.

నాయన నాడె ఆపాడు. "నాదంటలేను గదరా. చూస్తాన్న అంతే," అన్నాడు.

ఇక అత్త. అత్తకైతే అప్పటికే మనసు బెజవాడ చేరిపోయింది. "పోనియ్యి రా. నేనెట్లాగు రైలెక్కకపోతి. నా బొమ్మన్న ఎక్కనియ్యి. కలర్ల మంచిగుంట," అని నన్ను తొందరపెట్టింది. మొత్తానికి ఇంట్లో వద్దనేవాళ్లు ఒక్కరూ లేరు. నమూనా చూపిస్తే సంతకం పెడతానని కంపెనీ ఆయనకు చెప్పి పంపాను.

ఆయన మళ్లీ వచ్చేటప్పుడు నమూనా అట్ట, లోపలి పేజీ ఒకటి తెచ్చాడు. నున్నటి కాగితం, మిలమిలలాడే రంగులు. వాళ్ల ఆర్టిస్టు చెయ్యి గొప్పది, అసూయ పుట్టింది నాకు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, అన్నీ నేను కోరుకున్నట్టే ఉన్నాయి. ముక్కు కూడా వంకర లేదు. అత్త నిప్పుల కుంపటి ముందు కూర్చుని విసనకర్రతో విసురుతోంది. పక్కన గంప. గంప నిండా మొక్కజొన్న.

అత్త అట్టను దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుంది.

"ఈమె ఎవలు? మక్కకంకులు కాలుస్తాంది?"

"మీరేనమ్మా," అన్నాడు కంపెనీ ఆయన ఉత్సాహంగా. "కండెల అత్త! కండెలు కాల్చి అమ్ముతూ అందర్నీ దబాయిస్తుంటుంది."

అప్పటికి గాని నాకు వెలగలేదు. వాళ్లవైపు కండె అంటే మొక్కజొన్న కండె. మేము కంకి అనేదాన్ని వాళ్లు కండె అంటారు. నా చెక్కుడు బొమ్మలో అత్త చేతిలో ఉన్న నూలు కండెను కూడా వాళ్లు గింజలు వలిచిన కండె అనుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఆయనకు చెమటలు పోశాయి. "అయ్యయ్యో, మార్పించేస్తానండీ, అదెంత పని," అన్నాడు. నిజమే, అదెంత పని. నేను ఇంకా సంతకానికే సిద్ధంగా ఉన్నాను.

లోపలి పేజీ చదివి వినిపించమంది అత్త. చదివాను. "నాయనా, దయచేసి ఆ బీడీ ఆర్పివేయవూ?"

"గిట్ల బతిమిలాడితె ఎవడార్పుతడు?" అంది అత్త.

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. కండె చేతిలో తిప్పుతూ, "ఓ సారూ, ఒక్కటడుగుత. నేనిప్పటిదాంక అన్న మాటలన్ని మీయైతయి. సరే. రేపు నేనింకోటంటె?" అని అడిగింది.

"బొమ్మల్లోకి వచ్చిందంటే అదీ కంపెనీదేనమ్మా. మీరేం బెంగ పెట్టుకోకండి," అన్నాడు ఆయన. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు.

"మల్ల గదే మాట నేను మా తమ్మునితోని అంటె?"

"ఇంట్లో మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండమ్మా! ఎవరు కాదంటారు?"

అత్త ఊఁ అంది. వారంలో వచ్చి సంతకం తీసుకుంటానని ఆయన వెళ్లిపోయాడు.

ఆ తెల్లారి నుంచి మా ఇంట్లో మాట వినపడలేదు.

మొదట నేను గమనించలేదు. మధ్యాహ్నానికి ఇల్లు ఇల్లులా అనిపించలేదు. అత్త కండెలు చుడుతూనే ఉంది, పెదవి విప్పడం లేదు. అన్నం పెట్టి సైగ చేసింది. నాయన కావాలనే ఆమె ఎదురుగా బీడీ ముట్టించాడు. అత్త కండె ఎత్తింది, నోరు తెరిచింది, నా వైపు చూసింది, నోరు మూసింది. నాయన బిత్తరపోయి బీడీ తనే ఆర్పేశాడు. వాడకట్టు ఆడవాళ్లు అత్త ఏదో మౌనవ్రతం పట్టిందనుకుని, ఏ దేవుడికి, ఎన్ని వారాలు అని వచ్చి అడిగారు. కాజీపేట దర్గాకు మొక్కుకోమని ఒకామె సలహా ఇచ్చింది. నేను బడాయికి అదేం పట్టనట్టు పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. బొమ్మ వచ్చింది. బుడగ గీశాను. బుడగలో ఏం పెట్టాలో తోచలేదు. అలా కొన్ని రోజులు గడిచాయి.

చివరికి ఉండబట్టలేక ఆమె ముందు కూలబడ్డాను. "ఏమైంది అత్తా? నా మీద కోపమా?"

నా చెవి మీద ఉన్న పెన్సిలు తీసి పక్కన పెట్టమని సైగ చేసింది. పెట్టాను. అప్పుడు గొంతు బాగా తగ్గించి, పక్కింట్లో కంపెనీ ఉన్నట్టు, చెప్పింది.

"నేనన్నది నువ్వు రాస్తవు. నువ్వు రాస్తె కంపెనీదైతది. పరాయోల్లది నేనెట్ల మాట్లాడుత బిడ్డా? దొంగతనమైతది గదా. ఇంట్లనైతె అనుకొమ్మన్నడు. నా నోటికి ఆయన పర్మిషనిచ్చుడేంది?"

నవ్వబోయాను. పక్కన పెట్టిన పెన్సిలు కనపడింది. ఇంతకాలం బొమ్మ నాదా, కంపెనీదా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మాట ఎవరిదన్న ప్రశ్నే మా ఇంట్లో పుట్టలేదు. ప్రెస్సులో లేని ప్రశ్నార్థకం నా బుర్రలో కూడా లేకుండా పోయింది. రైలెక్కుతానని అంత సంబరపడిన మనిషి, మాట పోతుందని భయపడి నోరు కట్టేసుకుని కూర్చుంటే, నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే మగ్గం గుంటలోంచి నాయన అన్నాడు. "కూలి నేతల ఫికరుండదన్న గని, అక్క తిట్టకుంటె నాకు నాడె ఆడ్తలేదురా. అప్పటిసంది పోగులు తెగుతనే ఉన్నయి. సంతకం పెట్టకు."

కంపెనీ ఆయన వచ్చినప్పుడు కుదరదని చెప్పేశాను. ఆయన నమ్మలేదు. "రంగులండీ!" అన్నాడు, పసిపిల్లాడికి మిఠాయి చూపించినట్టు. నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా చెప్పినమాట మార్చుకోలేదు. ఆయన లేచి చెప్పులు వేసుకుంటుంటే అత్త లోపలి నుంచి వచ్చింది. ఒక చేతిలో కాల్చిన మక్కకంకి, వేడివేడిది, ఉప్పు కారం పట్టించింది. రెండో చేతిలో ఆకుపచ్చ నూలు చుట్టిన కండె. రెండూ ఆయన చేతుల్లో పెట్టింది.

"గిది మీ కండె. గిది మా కండె. రైల్ల తినుకుంట పో కొడుకా. దేన్ని తినాల్నో యాదుంచుకో."

అన్ని రోజుల తర్వాత అత్త గొంతెత్తి అన్న మొదటి మాట అది. ఆయన కూడా నవ్వేశాడు. మా నాయన మగ్గం గుంటలో పడి పడి నవ్వాడు. మర్నాడు పొద్దున్నే బీడీ మీద అక్కాతమ్ముళ్లకు పెద్ద గొడవ అయింది. ఆ గొడవ వింటూ నేను హాయిగా చాయ్ తాగాను.

తర్వాతి మూఢానికి పుస్తకం సిద్ధం చేస్తుంటే, అత్త ఆఖరి పేజీ చదివించుకుంది. "హక్కులన్ని నీయేనా? బొమ్మ నీది. మాట నాది. గట్లనే రాయి," అంది. అలాగే రాశాం. "బొమ్మలు మేనల్లుడివి. మాటలు అత్తవి. కావాలంటే అడగండి." ప్రెస్సాయన అక్షరాలు పేరుస్తూ, ఇట్లాంటిది తన సర్వీసులో వెయ్యలేదన్నాడు.

అప్పటి నుంచి మొదలయ్యాయి నా కష్టాలు. ప్రతి బుడగకూ ఆమె అనుమతి కావాలి. "గది వద్దు, మీ నాయిన నొచ్చుకుంటడు." "గిది నేనన్లే, పక్కింటామె అన్నది, ఆమెనడుగు." నేను పక్కింటికి వెళ్లి అడిగేవాణ్ని. బెజవాడలో ఫ్యాను కింద కూర్చుని ఉంటే ఇంత సతాయింపు ఉండేది కాదని అప్పుడప్పుడు విసుక్కునేవాణ్ని కూడా.

కొన్నాళ్లకు కంపెనీ వాళ్లు ఒక కొత్త బొమ్మల పుస్తకం తెచ్చారు. మొక్కజొన్నలు కాల్చి అమ్మే అత్త, ఆకుపచ్చ చీర, తియ్యటి మాటలు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్టాండు నుంచి ఒక కాపీ తెచ్చి అత్త ముందు విసిరేశాను. అత్త ఒక్కో పేజీ తిప్పించుకుని, బొమ్మలన్నీ తీరిగ్గా చూసింది.

"ఈమె నేను గాదురా. ఈమె ఎవలో మంచామె. కంకులమ్ముకోని బతుకుతాంది, బతకనియ్యి," అంది. ప్రతి నెలా ఆ పుస్తకం నాతోనే తెప్పించుకునేది. కొనిచ్చేది నేనే. ఇంతకన్నా అవమానం ఏ బొమ్మల వాడికైనా జరిగి ఉంటుందా?

ఎనభైల చివర్లో ఒక మాఘమాసంలో, ఊరంతా పెళ్లిళ్లతో ఊగిపోతున్నప్పుడు, అత్త పోయింది. నాలుగు పూటలు జ్వరమొచ్చిందంతే. రాట్నం పక్కన సగం చుట్టిన కండె అలాగే ఉంది. నాయన బీడీలు మానేశాడు. ఆర్పమనే మనిషి లేకపోతే తాగబుద్ధి కావడం లేదన్నాడు. ఇల్లు మళ్లీ ఆ పాత నిశ్శబ్దంలోకి వెళ్లిపోయింది. అప్పుడు కంపెనీకి కుదరదంటే ఆమె మాట తిరిగొచ్చింది, ఈసారి ఎవరికి కుదరదని చెప్పాలి?

అప్పటికే నేను తర్వాతి పుస్తకం బొమ్మలు చెక్కి పెట్టాను. బుడగల రంధ్రాలు కూడా చేసేశాను. మాటలు ఇంకా ఆమెను అడగలేదు. ఆ దిమ్మెలు సంచిలో వేసుకుని ప్రెస్సుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. మూఢం కాదు, ఆషాఢం కాదు. ప్రెస్సంతా పసుపు పూసిన కార్డులు, మిషన్ మీద ఎవరిదో శుభలేఖ ఆడుతోంది.

ప్రెస్సాయన దిమ్మెలు ఒక్కొక్కటి తిప్పి చూశాడు. "మాటలేవి తమ్మీ?"

"అడగలేదన్నా. ఆలోపే పోయింది."

ఆయన లేచాడు. మిషన్ ఆపి, బిగించి ఉన్న శుభలేఖ అక్షరాలను విప్పి పక్కన పెట్టాడు. నా దిమ్మెలు ఎక్కించాడు. పెళ్లివాళ్లు వచ్చి కార్డులేవని గోల చేస్తే, "మిషన్ ఖాళీగ లేదు, రేపు రాండ్రి," అన్నాడు. మా పుస్తకం ముహూర్తాల్లో అచ్చయింది ఆ ఒక్కసారే. అన్ని పేజీల్లో అత్త కండె ఎత్తి ఎవరినో దబాయిస్తోంది. అన్ని బుడగలూ ఖాళీ. ఆఖరి పేజీలో మాత్రం ఎప్పటి మాటే ఉంచాం. మాటలు అత్తవి. కావాలంటే అడగండి.

ఖాళీ పుస్తకం అంటగట్టానని జనం తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా బాధేసింది. కొన్ని వారాల తర్వాత పని మీద ఎనుమాములకు వెళ్లి, మార్కెట్ యార్డు పక్కన హోటల్లో చాయ్ కోసం కూర్చున్నాను. బల్ల మీద ఆ పుస్తకం ఉంది. నలిగిపోయింది, మిర్చి ఎరుపు అంటుకుంది. ఊరికే తెరిచాను.

బుడగలన్నీ నిండి ఉన్నాయి. పెన్సిలుతో కొన్ని, బస్తాల మీద గుర్తులు వేసే నీలం సిరాతో కొన్ని. ఒక్కో బుడగ ఒక్కో చేతిరాత. తప్పులు, కొట్టివేతలు, ఒకరు రాసింది ఒకరు దిద్దడాలు. "తుమ్మేటోడు పక్కకు మల్లి తుమ్ముమన్న." "కాంటా మీద ఏలు తియ్యి, నాకు కనవడ్తలేదనుకుంటానవా?" ఇలా ఆ చివర నుంచి ఈ చివరదాకా. ప్రశ్నార్థకాలు కూడా ఉన్నాయి. ఒక్కటి కూడా నేను రాసింది కాదు, ఒక్కటి కూడా ఆమె అంటుండగా విన్నది కాదు. కాని ఆ గొంతు అత్తదే. చదువుతుంటే నా చెవుల్లో రాట్నం తిరిగింది. చాయ్ చల్లారిపోయింది.

హోటల్ ఆయన్ని ఆ పుస్తకం నాకిమ్మని అడిగాను. నేనెవరో ఆయనకు తెలియదు.

"గదొక్కటి అడుగకన్నా," అన్నాడు ఆయన, పుస్తకం నా చేతిలోంచి మెల్లగా తీసుకుంటూ. "గది మాది. మా హమాలోల్లు తలా ఓ మాట రాసుకున్నరు. నీదేమన్న వోయిందా ఇందుల, గట్ల సూస్తానవ్?"

"లేదన్నా," అన్నాను. "చూస్తాన్న అంతే."